ముడిసరుకు ఇచ్చే ఊళ్లతో విలాస వస్తువుల సంస్థ బాధ్యతగా మెలగడం ఎక్కడ మొదలవ్వాలి?

ప్రశ్న

నమస్కారం. ఖరీదైన ఉన్ని దుస్తులు తయారు చేసే ఒక సంస్థలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇన్నాళ్లూ నాణ్యత విభాగంలో ఉన్నాను. రెండు నెలల క్రితం స్థానిక సమాజాలతో సంబంధాలు చూసే కొత్త బాధ్యతను నాకు అప్పగించారు. మేము వాడే సన్నని ఉన్ని ఎత్తైన పచ్చిక ప్రాంతాల్లో మందలు కాచుకునే కుటుంబాల నుంచి వస్తుంది. అది మా చేతికి అందేలోపు ఊళ్లో సేకరించేవారు, పట్టణంలో వ్యాపారి, శుద్ధి చేసే మిల్లు అనే మూడు అంచెలు దాటుతుంది. ఆ కుటుంబాలలో ఒక్కరితోనైనా మా సంస్థవారు కూర్చుని మాట్లాడినట్టు పాత ఫైళ్లలో ఎక్కడా కనిపించలేదు.

యాజమాన్యం నాకు మొదట చెప్పిన పని, ఆ ప్రాంతంలో ఒక బడి కట్టించడానికి ప్రణాళిక తయారు చేయమని. డబ్బు కేటాయించారు, ప్రారంభోత్సవం ఏ నెలలో జరపాలో కూడా అనుకున్నారు. బడి మంచిదే. అయితే గత నెల అక్కడికి వెళ్లి నాలుగు రోజులు ఉన్నప్పుడు బడి గురించి నన్ను అడిగినవారు ఒక్కరే. మిగిలినవారంతా ఈ ఏడాది రేటు ఎప్పుడు చెబుతారనీ, డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందనీ, మొదటి రకంగా తామిచ్చిన ఉన్ని రెండో రకంగా ఎలా మారిందనీ అడిగారు. ఒక పెద్దావిడ గోనెసంచిలోంచి గుప్పెడు ఉన్ని తీసి నా అరచేతిలో పెట్టి, ఇది ఏ రకమో మీరే చెప్పండి అన్నారు. ఇన్నేళ్లు నాణ్యత చూసిన చేయి కాబట్టి అది మొదటి రకమేనని పట్టుకోగానే తెలిసింది. ఆవిడ చూపించిన చీటీలో మాత్రం రెండో రకం అని రాసి ఉంది. నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు.

ఇలాంటి సంబంధాలను బాధ్యతగా నడపడం ఆచరణలో ఎక్కడ మొదలవ్వాలి? యాజమాన్యం ముందు పెట్టడానికి, బాగా సాగినవైనా చెడిపోయినవైనా, నిజంగా జరిగిన ఉదాహరణలు తెలిసినవారు దయచేసి రాయండి.

మొదటి సమాధానం (ముడిసరుకు కొనుగోళ్లలో పనిచేసిన వ్యక్తి)

మీరు వెళ్లి నాలుగు రోజులు ఉండడమే మంచి పని. మీకు కావలసిన మొదటి పత్రం ఆ పెద్దావిడ చూపించిన చీటీయేనని నేను అనుకుంటున్నాను. ఇరవై ఏళ్లకు పైగా కొనుగోళ్లు చూశాను కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను: ఊరివారికి సంస్థ అంటే రేటు, తూకం, రకం, డబ్బు అందే తేదీ. మీ వార్షిక నివేదికలో ఏం రాసినా వారు మిమ్మల్ని ఈ నాలుగింటితోనే అంచనా వేస్తారు.

యాజమాన్యానికి చూపడానికి వికూనా ఉన్ని కథ కంటే తగినది నాకు తెలియదు. ఆండీస్ పర్వతాల్లో తిరిగే ఈ అడవి జంతువు ఉన్ని పోగు 12, 13 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందమే ఉంటుంది. 1960ల నాటికి వేటగాళ్ల వల్ల వాటి సంఖ్య కొన్ని వేలకు పడిపోయింది. అప్పుడు అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించారు. ఆ తర్వాత, బతికున్న జంతువు నుంచి కత్తిరించిన ఉన్నిని అమ్ముకునేందుకు క్రమంగా అనుమతి ఇచ్చారు. 1995లో పెరూ చేసిన చట్టం, తమ భూముల్లో తిరిగే వికూనాల సంరక్షణ బాధ్యతను, వాటి ఉన్ని మీద హక్కును అక్కడి రైతు సమాజాలకు ఇచ్చింది. ఊరంతా రంగు గుడ్డలు కట్టిన పొడవాటి తాడు పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ నడుస్తూ మందను చుట్టుముట్టి, ఉన్ని కత్తిరించి వదిలేసే ఇంకా సామ్రాజ్యం నాటి పాత పద్ధతిని చాక్కు అంటారు. చంపితే ఒక్కసారే డబ్బు, కాపాడితే మళ్లీ మళ్లీ డబ్బు అనే లెక్క ఊరికి కుదిరింది కాబట్టే జంతువులు తిరిగి లక్షల్లోకి పెరిగాయి. ఇటలీకి చెందిన లోరో పియానా సంస్థ 1994 నుంచి ఇందులో ప్రధాన కొనుగోలుదారు, 2008లో సుమారు 2,000 హెక్టార్ల రక్షిత ప్రాంతాన్ని కూడా ఏర్పాటు చేసింది. జంతువు పరంగా చూస్తే ఇది గొప్ప విజయమే, దాన్ని కాదనడం అన్యాయం.

అయితే 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ ఇదే వ్యవహారాన్ని మనుషుల వైపు నుంచి చూసింది. దాదాపు 9,000 డాలర్లకు అమ్ముడయ్యే స్వెటర్‌కు సరిపడా ఉన్నికి పెరూలోని లుకానాస్ అనే సమాజానికి దక్కేది సుమారు 280 డాలర్లని రాసింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి సంస్థను దోషిగా నిలబెట్టడం తేలిక. ముతక వెంట్రుకలు ఏరివేయడంలో పోయే తరుగు, వడకడం, నేయడం, దుకాణం ఖర్చు, పన్నులు కూడా ఆ ధరలోనే ఉంటాయి. అవన్నీ తీసేసి చూసినా ఒక ప్రశ్న మిగులుతుంది. ముడిసరుకు రేటు ఎంత పెంచినా అమ్మే ధర మీద పెద్ద తేడా రాని వ్యాపారంలో, రేటును అంత తక్కువలో ఉంచడానికి సంస్థ దగ్గర ఉన్న కారణం ఏమిటి? చవక దుస్తులు అమ్మేవారు లాభం మిగలదని చెప్పుకోవచ్చు, మన దగ్గర ఆ మాట నిలవదు. మీ యాజమాన్యం ముందు ఇదే ప్రశ్న పెట్టండి.

రేటు పెంచడంలో కూడా జాగ్రత్త కావాలి. మంగోలియాలో మేకల సంఖ్య 1990లో సుమారు 50 లక్షలు, ఇటీవలి సంవత్సరాల్లో రెండున్నర కోట్లు దాటింది. సన్నని మేక ఉన్నికి ఎన్ని కిలోలు ఇస్తే అంత డబ్బు అనే పద్ధతి ఉన్నంతకాలం, ప్రతి కుటుంబం ఇంకో పది మేకలను చేర్చుకోవడమే తెలివైన పని అవుతుంది, పచ్చిక మాత్రం అరిగిపోతుంది. 2023-24 చలికాలంలో అక్కడ 70 లక్షలకు పైగా పశువులు మంచుకు, ఆకలికి చనిపోయాయి. మందలు పోయినా అప్పులు పోవు. అందుకని పెంచే డబ్బును బరువుకు కాకుండా పోగు సన్నదనానికి, పొడవుకు, పచ్చికను కొంతకాలం ఖాళీగా వదిలే ఊరి కట్టుబాటుకు ముడిపెట్టాలి. అలా ముడిపెట్టినప్పుడు రకం ఎవరు తేలుస్తారన్నది ఇంకా కీలకమవుతుంది. మీ పెద్దావిడ అడిగినదీ అదే.

మధ్య అంచెల గురించి ఒక్క మాట. దళారులను తీసేస్తే అంతా బాగుపడుతుందని పై అధికారులు అనుకుంటారు. చలికాలంలో పిండికీ మందులకూ అప్పు ఇచ్చేది, దారిలేని చోటికి బండి తెచ్చేది ఆ దళారే. ఆ రెండు పనులు మీరు చేయగలిగితేనే అతన్ని తప్పించండి. లేకపోతే అతన్ని ఉంచి, అతను రాసే చీటీని మీరు చూసేలా ఏర్పాటు చేయండి.

రెండో సమాధానం (సమాజ ఒప్పందాల మీద పనిచేసే న్యాయవాది)

పై సమాధానంతో ఏకీభవిస్తూ, రేటు బాగున్నా సంబంధం చెడే మరో దారి గురించి రాస్తాను. మంచి రేటును ఇష్టంతో ఇచ్చేవారు ఇష్టం మారినప్పుడు ఆపేయగలరు. ఊరివారు పట్టుకుని అడగగలిగే రాతకోతలు ఉంటేనే అది హక్కు అవుతుంది.

కెనడా ఉత్తర ప్రాంతంలో 1998లో ఆ దేశపు మొదటి వజ్రాల గని ఏకాటి తెరుచుకుంది. గని పని మొదలవకముందే అక్కడి ఆదివాసీ సమాజాలతో విడివిడిగా ఒప్పందాలు జరిగాయి, వాటిలో ఉద్యోగాలు, గుత్తపనులు, నగదు చెల్లింపుల వంటి విషయాలు రాసుకున్నారు. నాకు అంతకంటే విలువైనదిగా కనిపించేది 1997లో ఏర్పడిన స్వతంత్ర పర్యావరణ పర్యవేక్షణ సంస్థ. దాని ఖర్చు గని యాజమాన్యం భరిస్తుంది, దాని సభ్యులను మాత్రం యాజమాన్యం ఒక్కటే ఎంపిక చేయదు, ఆదివాసీ సమాజాలకు అందులో చోటు ఉంటుంది. మన మీద నిఘా పెట్టేవారికి మనమే జీతమిచ్చి, వారి నోటిని మాత్రం మన చేతిలో ఉంచుకోకపోవడం చాలా సంస్థలకు మింగుడుపడదు. మీ దగ్గర ఇది చిన్న స్థాయిలో సాధ్యమే: మీరు ఖర్చు పెట్టుకునే తనిఖీదారును ఊరివారు ఎంపిక చేసుకోవాలి, అతని నివేదిక మొదట ఊరిలో చదవాలి.

బోత్స్వానా ఉదాహరణ రెండు వైపులా ఆలోచింపజేస్తుంది. వజ్రాల వ్యాపార సంస్థ డీ బీర్స్ అక్కడి ప్రభుత్వంతో కలిసి 1969లో డెబ్‌స్వానా అనే వజ్రాల గనుల సంస్థను స్థాపించింది. మొదట 15 శాతంగా ఉన్న ప్రభుత్వ వాటా 1970ల మధ్యలో 50 శాతానికి చేరింది. 2013లో డీ బీర్స్ తన ముడి వజ్రాల అమ్మకాల కేంద్రాన్ని లండన్ నుంచి బోత్స్వానా రాజధాని గబరోన్‌కు మార్చింది. దానం కంటే వాటా ఎంత బలమైనదో ఇందులో కనిపిస్తుంది, ఆ దేశపు బళ్లు, ఆసుపత్రులు, రోడ్లు చాలావరకు ఆ ఆదాయం మీదే వచ్చాయి. అదే దేశంలో సెంట్రల్ కలహారి అభయారణ్యం నుంచి సాన్ అనే ఆదివాసీ ప్రజలను ప్రభుత్వం ఖాళీ చేయించింది. ఆ తరలింపుకూ వజ్రాలకూ ఉన్న సంబంధం మీద ఇప్పటికీ వాదోపవాదాలు ఉన్నాయి గానీ, 2006లో హైకోర్టు సాన్ ప్రజల పక్షాన తీర్పు చెప్పింది, 2011లో అప్పీలు న్యాయస్థానం బోరు నీటి మీద వారి హక్కును గుర్తించింది. దేశానికి మేలు జరిగిందంటే ఆ చోట ఉన్నవారికి మేలు జరిగినట్టే అని లెక్క వేయకూడదు. ప్రభుత్వ అనుమతి పత్రం చూపించి, స్థానికులు ఒప్పుకున్నారు అని రాసే నివేదికలు నేను చాలా చూశాను, ఒక్కొక్కటి చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. ఒప్పుకోలు అనడానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆదివాసీ హక్కులపై 2007 నాటి ఐక్యరాజ్య సమితి ప్రకటన దాన్ని స్వేచ్ఛగా, ముందుగా, విషయం తెలుసుకుని ఇచ్చే సమ్మతి అంటుంది. ఇందులో ‘ముందుగా’ అన్న మాటే ఎక్కువగా తప్పిపోతుంది. మీ బడి విషయంలో ప్రారంభోత్సవం నెల ముందే ఖరారైందని మీరే రాశారు, ఊరిని అడిగినట్టు మాత్రం రాయలేదు.

సమాజం ఇచ్చేది ముడిసరుకే కానక్కరలేదు, రూపం, పనితనం కూడా కావచ్చు. 2025 జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో ఇటలీ విలాస వస్తువుల సంస్థ ప్రాడా చూపించిన చెప్పులు కొల్హాపురి చెప్పుల్లా ఉన్నాయనీ, ఆ పేరు ఎక్కడా చెప్పలేదనీ పెద్ద వివాదం రేగింది. కొల్హాపురి చెప్పులకు 2019 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది, అది మహారాష్ట్ర, కర్ణాటకల్లోని కొన్ని జిల్లాల చర్మకారులది. భారతీయ సంప్రదాయ పాదరక్షలే తమకు స్ఫూర్తి అని ప్రాడా ఆ తర్వాత అంగీకరించింది, ఆ ఏడాది చివర్లో రెండు రాష్ట్రాల చర్మ పరిశ్రమల అభివృద్ధి సంస్థలతో ఒప్పందానికి వచ్చింది. చివరికి చేసిన పనినే మొదట చేసి ఉంటే గొడవే ఉండేది కాదు.

ఫిర్యాదుల సంగతికి వస్తే, వ్యాపారం, మానవ హక్కులపై 2011 నాటి ఐక్యరాజ్య సమితి మార్గదర్శక సూత్రాల్లో 31వది చదవండి. ఫిర్యాదు మార్గం అందరికీ అందుబాటులో, ఊహించదగిన గడువులతో, నమ్మదగినదిగా ఉండాలని అది చెబుతుంది. ప్రధాన కార్యాలయంలో మోగే ఫోన్ నంబరు అలాంటి మార్గం కాదు.

మూడో సమాధానం (పూల సాగుదారుల సహకార సంఘంలో లెక్కలు రాసిన వ్యక్తి)

నేను అటువైపు బల్ల దగ్గర కూర్చున్న మనిషిని. ఒక పెద్ద సుగంధ ద్రవ్యాల సంస్థకు పూలు అందించే సంఘంలో ఎనిమిదేళ్లు పద్దులు రాశాను. సంస్థ పేరు చెప్పను.

తెల్లవారకముందే కోసిన పూలు ఆరు గంటలకల్లా కాటా దగ్గరికి వచ్చేవి. ఎండ ఎక్కితే వాసన పోతుంది, కాబట్టి రేటు గురించి, తూకం గురించి వాదించడానికి మాకు సమయం ఉండేది కాదు. ఆ సంగతి కొనేవారికి బాగా తెలుసు. మంచు తడి ఉందని నూటికి పది తరుగు తీసేవారు. ఎండాకాలంలో మంచు లేని రోజున కూడా అదే పది. ఒకసారి నేను ఒకే బుట్టను తడిగా ఉన్నప్పుడు, గుడ్డ మీద ఆరబోసిన తర్వాత మా సొంత కాటా మీద తూచి చూశాను, తేడా నూటికి నాలుగు కూడా రాలేదు. ఆ అంకెను నోట్‌బుక్‌లో రాసుకుని వచ్చే అధికారులకల్లా చూపించాను. వారు మర్యాదగా విని, మా ఊరి కొత్త గ్రంథాలయం ముందు ఫొటో దిగి వెళ్లేవారు. ఆ గ్రంథాలయంలో పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి, పిల్లలు చదువుతున్నారు, దానికి కృతజ్ఞత ఉంది. కానీ ఆ ఆరు శాతం తరుగు ఒక ఏడాదికి ఎంతవుతుందో లెక్క కట్టాను. అలాంటి గ్రంథాలయాన్ని మేమే మూడేళ్లకొకటి కట్టుకోగలిగేవాళ్లం.

మా దగ్గర చెడ్డ ఏడాది ఐదోది. మీ పూలకు గిరాకీ పెరుగుతోందని చెబితే నమ్మి ఎందరో కొత్తగా మొక్కలు వేశారు. సుగంధపు మొక్క కాపుకు రావడానికి సమయం పడుతుంది. కాపు వచ్చిన ఏడాది, పూత మొదలైన తర్వాత, ఈసారి సగమే తీసుకుంటామని ఒక లేఖ వచ్చింది. ఒప్పందంలో పరిమాణం రాసి లేదు, రేటు మాత్రమే ఉంది. నేను ఆ రోజు సంఘం మెట్ల మీద కూర్చుని లేఖను పదిసార్లు చదివాను. అందుకని మీకు చేతులు జోడించి చెప్పేది, ఎంత కొంటారో, ఎన్నేళ్లు కొంటారో, తగ్గించాలంటే ఎన్ని నెలల ముందు చెబుతారో రాసివ్వండి. ఫ్రాన్స్‌లోని గ్రాస్ దగ్గర షనెల్ అనే సుగంధ ద్రవ్యాల, దుస్తుల సంస్థ ఒకే సాగుదారు కుటుంబంతో 1987 నుంచి కలిసి పనిచేస్తోంది. అంతకాలం కొంటారన్న నమ్మకం ఉంటేనే రైతు నేలను బాగుచేస్తాడు.

ఇంకొకటి. 2024లో బీబీసీ ఈజిప్టులోని జాజి తోటల్లో పిల్లలు రాత్రిపూట పూలు కోయడం చూపించింది. దాన్ని చూసిన సంస్థలన్నీ తల్లిదండ్రులకు అవగాహన కల్పిస్తామన్నట్టుగా మాట్లాడతాయి. కిలోకు ఇంత అని కూలి ఇచ్చే చోట ఆ రేటు తల్లి ఒక్కతి కోతతో ఇల్లు గడిచేలా లేకపోతే పిల్లలు ఆమె వెంట వస్తారు. నేను చూసినంతలో దానికి మందు రేటులోనే ఉంది. ఇక డబ్బు ఎవరి పేరున ఇస్తున్నారో కూడా చూడండి. మా సంఘంలో కోసేది దాదాపు అంతా ఆడవారు, నా పద్దులో ఉన్న పేర్లు మాత్రం మగవారివి. ఎనిమిదేళ్లు ఆ పద్దు నేనే రాశాను, దాన్ని మార్చడానికి ఆరేళ్లు పట్టించుకోలేదు, అది నా తప్పు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. తరుగు లెక్క చదివాక మా చీటీలన్నీ తెప్పించుకుని చూశాను. మొదటి రకంగా సేకరించి, పట్టణం వ్యాపారి దగ్గర రెండో రకంగా నమోదై, మిల్లు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మొదటి రకంగా మారిన సరుకు చాలా కనిపించింది. మేము మిల్లుకు మొదటి రకం ధరే చెల్లించాం. అంటే మా సంస్థ డబ్బు ఇచ్చింది, ఆ కుటుంబాలకు అది చేరలేదు. బడి ప్రారంభోత్సవం వాయిదా వేయమని అడగడానికి ఇదే ఆధారంగా చూపించాను. యాజమాన్యం ఇంకా ఏమీ చెప్పలేదు. ఈ సీజన్ మొదలవడానికి పది వారాలే ఉంది. అన్నీ ఒకేసారి చేయలేను, మొదట దేన్ని పట్టుకోమంటారు?

మొదటి సమాధానం రాసిన వ్యక్తి

రకం నిర్ణయాన్ని పట్టుకోండి. మిగిలినవాటికి బోర్డు అనుమతి కావాలి, దీనికి మీ విభాగం చాలు. ప్రతి సేకరణ కేంద్రంలో సంస్థ ముద్ర వేసిన నమూనా పెట్టె ఉంచండి, అందులో మొదటి, రెండో, మూడో రకం ఉన్ని గాజు కింద కనిపించాలి. చీటీ మూడు ప్రతులు రాయించండి: ఒకటి కుటుంబానికి, ఒకటి వ్యాపారికి, ఒకటి నేరుగా మీకు. చీటీ మీద రకం, బరువు, తరుగు, రేటు వేర్వేరు గడుల్లో, వారి భాషలో ఉండాలి. మిల్లులో రకం పైకి మారితే ఆ తేడా డబ్బు సీజన్ ముగిసిన నెలలోపు కుటుంబానికి చేరాలని మిల్లు ఒప్పందంలోనే రాయించండి, ఎందుకంటే మిల్లు మీ మాట వింటుంది, పట్టణం వ్యాపారి వినకపోవచ్చు. రకం చూడడానికి ఊరి నుంచి ఒకరిని పెట్టుకోవాలనుకుంటే, మీ చేతిలో గుప్పెడు ఉన్ని పెట్టిన ఆవిడను మొదట అడగండి.

మూడో సమాధానం రాసిన వ్యక్తి

కాటాను కూడా చూడండి. ఊరివారికి వారి సొంత కాటా ఒకటి కొనివ్వండి, దాని మీద మీ సంస్థ గుర్తు వేయకండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అలాగే చేస్తాను. ఆవిడ ఇచ్చిన ఉన్ని నా బల్ల సొరుగులో కాగితం పొట్లంలో అలాగే ఉంది. దాన్ని ఈ రోజే ప్రయోగశాలకు పంపుతున్నాను. కొలత నివేదిక రాగానే ఒక ప్రతి ఆవిడకు పంపి, ఇక్కడ కూడా రాస్తాను.